వంటింట్లో గ్యాస్, పెరట్లో కట్టెల పొయ్యి: అసలు ఖర్చు ఎంత?

వరంగల్‌లోని మండి బజార్, చార్‌బౌలి, కరీమాబాద్, రంగశాయిపేట లాంటి పాత బస్తీల్లో చాలా ఇళ్లకు రెండు పొయ్యిలు ఉంటాయి. లోపల గ్యాస్ పొయ్యి మీద పొద్దున చాయ్ మరుగుతుంటే, బయట రేకుల కిందో మెట్ల పక్కనో ఇటుకల పొయ్యి మీద స్నానాల నీళ్ల కాగు ఉంటుంది. శుక్రవారం బిర్యానీకి, బక్రీద్ పాయాకి, ఇంట్లో దావత్ ఉంటే దేగ్‌కి కూడా ఆ బయటి పొయ్యే దిక్కు.

ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఇది 'గ్యాస్ వాడే ఇల్లు'. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో దాదాపు 92 శాతం ఇళ్లు శుభ్రమైన ఇంధనంతో వంట చేస్తున్నాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 58.6 శాతమే. గర్వపడాల్సిన అంకెే. కానీ ఆ సర్వే అడిగేది 'ప్రధానంగా దేనితో వండుతారు' అని. పెరట్లో ఉన్న రెండో పొయ్యి ఆ జవాబులో కనిపించదు. అందులో ఎన్ని కట్టెలు కాలుతున్నాయి, ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు అన్నది ఏ ఖాతాలోనూ చేరదు.

ఇప్పుడు ఈ మాట ఎత్తడానికి రెండు కారణాలున్నాయి. 2025 ఏప్రిల్ 8న వంట గ్యాస్ సిలిండర్ మీద 50 రూపాయలు పెరిగింది. హైదరాబాద్‌లో 14.2 కిలోల సిలిండర్ 905 రూపాయలకు చేరింది. జిల్లాల్లో రవాణాను బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. తర్వాత జూన్‌లో ఇరాన్-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. హోర్ముజ్ జలసంధి మూసేయాలని ఇరాన్ పార్లమెంటు తీర్మానించడంతో మన దగ్గర కూడా గ్యాస్ గురించి గుబులు మొదలైంది. దేశంలో వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే. ఆ దిగుమతిలో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి అదే దారిలో వస్తుంది. జూన్ 24న కాల్పుల విరమణ కుదిరింది, గుబులు తగ్గింది. అయినా 'ఇంట్లో ఒక కట్టెల పొయ్యి ఉండటమే మంచిది' అన్న మాట చాలామంది నోట నిలిచిపోయింది.

ఉండటం మంచిదేనా? ఉంటే ఏ పొయ్యి, ఎక్కడ, ఎలా? ముందు డబ్బు లెక్క చూద్దాం.

500 రూపాయల సిలిండర్ ఎవరికి ఎన్ని?

2024 ఫిబ్రవరి 27న తెలంగాణ ప్రభుత్వం మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండర్ మొదలుపెట్టింది. ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టుకున్న, రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఇది వర్తిస్తుంది. పేద ఇళ్లకు పెద్ద ఊరటే, అందులో అనుమానం లేదు. కానీ పథకంలో రెండు ముడులున్నాయి.

మొదటిది, ముందు పూర్తి ధర కట్టాలి. మిగతా డబ్బు తర్వాత ఖాతాలో పడుతుంది. రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఒకేసారి 900 రూపాయలు తీయడమే కష్టం. నెలాఖరులో సిలిండర్ అయిపోతే, కూలీ డబ్బులు చేతికొచ్చేదాకా పెరట్లో పొయ్యి రాజుకుంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. సబ్సిడీ సిలిండర్ల సంఖ్యను గత మూడేళ్ల సగటు వాడకాన్ని బట్టి లెక్కగట్టారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. రెండు ఇళ్లు ఊహించుకుంటే తేడా తెలుస్తుంది. ఒక ఇంట్లో అన్నీ గ్యాస్ మీదే, ఏడాదికి 8 సిలిండర్లు. ఇంకో ఇంట్లో డబ్బు చాలక సగం వంట కట్టెల మీద చేశారు, ఏడాదికి 4 సిలిండర్లే తీసుకున్నారు. సిలిండర్ 900 అనుకుంటే ఒక్కోదానికి ప్రభుత్వాల నుంచి వచ్చే సాయం 400. మొదటి ఇంటికి ఏడాదికి 3,200 రూపాయలు, రెండో ఇంటికి 1,600. ఎవరు పేదరికం వల్ల పొగ భరించారో వాళ్లకే సాయం సగం. పాత సగటు వాళ్లను పాత పొయ్యికే కట్టేస్తోంది.

రేషన్ కార్డు లేనివాళ్లు, అద్దె ఇళ్లలో ఉండి కనెక్షన్ ఇంకొకరి పేరున వాడుకునేవాళ్లు ఈ లెక్కలోకే రారు. వలస వచ్చిన పేద కుటుంబాల కోసం 2021 ఆగస్టు 10న మొదలైన ఉజ్వల రెండో దశలో చిరునామా రుజువు, రేషన్ కార్డు బదులు స్వయం ధ్రువీకరణ ఇచ్చే వెసులుబాటు పెట్టారు. ఏ కనెక్షనూ లేని ఇంటికి ఇంకో దారి 5 కిలోల చిన్న సిలిండర్. చిరునామా రుజువు లేకుండా, ఒక గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. దానికి సబ్సిడీ ఉండదు. కానీ ఒకేసారి 900 తీయలేని ఇంటికి కొంత అందుబాటులో ఉంటుంది.

కట్టెలు నిజంగా చవకా?

'గ్యాస్‌కి డబ్బులు కావాలి, కట్టెలు ఎలాగోలా దొరుకుతాయి' అన్నది మన ఇళ్లలో మామూలుగా వినపడే మాట. సామిల్లు ముక్కలు, కొట్టేసిన వేప కొమ్మలు, ఊళ్ల నుంచి వచ్చే పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు చవగ్గానే వస్తాయి. కానీ పట్నంలో చాలామంది కట్టెలు కొనే వాడుతున్నారు. కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఒక కిలో ఎల్‌పీజీలో సుమారు 46 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మామూలు గ్యాస్ పొయ్యి మీద అందులో 60 శాతం గిన్నెకు చేరుతుందనుకుంటే, ఒక సిలిండర్ నుంచి మనకు పనికొచ్చే వేడి దాదాపు 390 మెగాజౌళ్లు. ఒక కిలో ఎండు కట్టెలో సుమారు 15 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మూడు రాళ్ల పొయ్యి మీద గిన్నెకు చేరేది అందులో 10 నుంచి 15 శాతమే. మిగతాదంతా గాలికి, గోడకు, పొగకు పోతుంది. 15 శాతం లెక్కన ఒక సిలిండర్ చేసే పని చేయడానికి సుమారు 170 కిలోల ఎండు కట్టెలు కావాలి. 25 శాతం వేడి అందించే మెరుగైన పొయ్యి అయితే సుమారు 105 కిలోలు.

దీన్ని ధరలోకి మారిస్తే ఇలా ఉంటుంది. 500 రూపాయల సిలిండర్ దొరికే ఇంట్లో, మూడు రాళ్ల పొయ్యి కోసం కిలోకు 3 రూపాయల కన్నా ఎక్కువ పెట్టి కట్టెలు కొంటే నష్టమే. పూర్తి ధర 900 కట్టే ఇంట్లో ఆ హద్దు కిలోకు 5 రూపాయల పైచిలుకు. మెరుగైన పొయ్యి ఉంటే ఈ హద్దులు సుమారు 5, 8.50 రూపాయలకు పెరుగుతాయి. మీ గల్లీలో కట్టెలు అమ్మే ధరను ఈ నాలుగు అంకెల పక్కన పెట్టి చూసుకోండి. సబ్సిడీ సిలిండర్లు మిగిలుండగా కొన్న కట్టెలతో రోజువారీ వంట చేస్తుంటే, చాలా ఇళ్లలో అది ఆదా కాదు, ఖర్చు.

ఇందులో ఇంకో మోసం తడి. కట్టెలు తూకం మీద అమ్ముతారు. క్వింటాల్ కట్టెల్లో 20 శాతం నీరుంటే అసలు కట్టె 80 కిలోలు. 40 శాతం నీరుంటే 60 కిలోలే. ఒకే డబ్బుకు 20 కిలోలు తక్కువ. పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికి మిగిలిన కట్టెల వేడి కూడా ఖర్చవుతుంది. వానాకాలంలో కొన్న పచ్చి కట్టె రెండు సార్లు జేబు కోస్తుంది.

స్నానాల నీళ్ల లెక్క వేరు. ఇక్కడే ఎక్కువ మంది డబ్బు వదులుకుంటున్నారు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు 50 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడి చేయాలనుకుందాం. దానికి మూడు రాళ్ల పొయ్యి మీద రోజుకు దాదాపు 2 కిలోల కట్టెలు పోతాయి. నెలకు 55 నుంచి 60 కిలోలు. అదే కరెంటుతో అయితే రోజుకు సుమారు 1.2 యూనిట్లు, నెలకు 36. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇంట్లో ఈ 36 కలిపినా 200 దాటకపోతే నీళ్లు ఉచితంగా వేడెక్కినట్టే. దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది కాబట్టి ముందు మీటర్ చూసుకోవాలి. హీటర్ రాడ్ వాడేవాళ్లు స్విచ్ ఆపి ప్లగ్ తీసిన తర్వాతే నీళ్లలో చెయ్యి పెట్టాలి. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

బిల్లు రాని ఖర్చు

పొగకు రసీదు ఉండదు. ఇంట్లో వంట పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 2 లక్షల 37 వేలకు పైగా ఐదేళ్ల లోపు పిల్లలే. గాలి ఆడని ఇంట్లో వంట పొగలోని సన్నటి ధూళి, ఉండాల్సిన దానికన్నా వంద రెట్ల దాకా ఎక్కువ ఉండొచ్చని ఆ సంస్థే చెబుతోంది. ఈ ధూళి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. దీర్ఘకాలిక ఆయాసం, పిల్లల్లో న్యుమోనియా, గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల కేన్సర్, కంటి శుక్లాలు ఈ పొగతో ముడిపడిన జబ్బులు. గర్భిణి పీల్చితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉంది.

మన ఇళ్లలో ఈ భారం ఒకే మనిషి మీద పడుతుంది. పొయ్యి దగ్గర కూర్చునేది అమ్మీ, దాదీ, కోడలు. రంజాన్‌లో సహర్ కోసం చీకట్లోనే లేచేది, ఇఫ్తార్ ముందు గంటల తరబడి నిలబడేది వాళ్లే. బీడీ, సిగరెట్ ముట్టని ఆడవాళ్లకు ఆయాసం ఎందుకొచ్చిందని ఆశ్చర్యపోయే ఇళ్లు పెరట్లో మసి పట్టిన గోడను ఒకసారి చూడాలి. ఆ మసిలో కొంత వాళ్ల లోపల కూడా ఉంది. ఒక్కసారి ఎంజీఎంకో ప్రైవేటు దవాఖానాకో తిరగాల్సి వస్తే, కట్టెలతో మిగిలిందనుకున్న ఏడాది ఆదా మందుల్లో పోతుంది.

పొయ్యిలు పంచితే సరిపోదు

ఈ సమస్యను ప్రభుత్వాలు ముందే గుర్తించాయి. 1983-84లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో ఆపేసే నాటికి 3 కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించినట్టు లెక్క చూపించారు. వాటిలో చాలా భాగం కొన్నేళ్లకే మూలన పడ్డాయి. నాసిరకం గొట్టాలు, బాగుచేసేవాళ్లు లేకపోవడం, ఇంట్లో వంట తీరుకు పొయ్యి సరిపోకపోవడం అందుకు కారణాలు.

తర్వాత ఒడిశాలో ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ ఇలాంటి పొగగొట్టం పొయ్యిల మీద చాలా ఏళ్లు అధ్యయనం చేశారు. మొదటి ఏడాది పొగ తగ్గింది. తర్వాత ఆ లాభం కరిగిపోయింది. పొయ్యిలు పగిలాయి, గొట్టాలు మూసుకుపోయాయి, వాడకం తగ్గింది. ప్రయోగశాలలో మంచి మార్కులు తెచ్చుకున్న పొయ్యి ఇంట్లో ఓడిపోయింది.

ఇంకో అనుభవం గుళికల పొయ్యిది. బెంగళూరు ఐఐఎస్‌సీ రూపకల్పనతో బీపీ కంపెనీ 'ఊర్జా' పేరున చిన్న ఫ్యాన్ ఉన్న పొయ్యిని తెచ్చింది. కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లో లక్షల్లో అమ్ముడైంది. పొగ తక్కువ, మంట బాగుంది. కానీ వ్యవసాయ వ్యర్థాల ధర పెరిగి గుళికల ధర పెరగగానే ఇళ్లు దాన్ని వదిలేశాయి. పొయ్యి కొనేముందు దాని మేత ఎక్కడ దొరుకుతుంది, రేపు ఎంతకు దొరుకుతుంది అని అడగాలనే పాఠం అది నేర్పింది.

తెలంగాణలో కూడా ప్రయత్నాలు జరిగాయి. హైదరాబాద్‌కు చెందిన ఎన్. సాయిభాస్కర్ రెడ్డి 'మాఘ్', 'అవన్' పేర్లతో తక్కువ ఖర్చు పొయ్యిలు రూపొందించి పల్లెల్లో పరిచయం చేశారు. ఇలాంటివి నిలవాలంటే ఇంట్లోవాళ్లే వాటిని చూసుకోగలగాలి.

ఏ పనికి ఏ పొయ్యి?

రోజువారీ వంటకు గ్యాస్ ఉన్న ఇంట్లో, కట్టెల పొయ్యిని ఏ పని కోసం ఉంచుతున్నారో ముందు తేల్చుకోవాలి. అన్ని పనులకూ ఒకటే పొయ్యి సరిపోదు.

గ్యాస్ అయిపోయినప్పుడు ఆపద్ధర్మంగా వాడుకోవడానికి చేతిలో పట్టుకుపోగల ఇనుప పొయ్యి మేలు. కింద గాలి రావడానికి దారి, కట్టె ఆనడానికి జాలీ, లోపల వేడి పట్టే పూత ఉన్నది చూడాలి. పొట్ట ఇరుకుగా, నిలువుగా ఉన్న రాకెట్ తరహా పొయ్యిలో మంట ఎగిరి గిన్నెకు తగులుతుంది, కట్టె తక్కువ పడుతుంది. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 13152 అనే నంబర్ ఉందా అడగండి. ఆ ప్రమాణం ప్రకారం ఫ్యాన్ లేని పొయ్యి కనీసం 25 శాతం, ఫ్యాన్ ఉన్నది కనీసం 35 శాతం వేడి గిన్నెకు ఇవ్వాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇదే సరైన దారి. గోడకు రంధ్రం పడదు, ఇల్లు మారితే వెంట వస్తుంది.

సొంత ఇల్లు, వారానికి చాలాసార్లు వాడకం ఉంటే పొగగొట్టం ఉన్న మట్టి పొయ్యి కట్టించుకోవచ్చు. ఖర్చు తక్కువ, రెండు గిన్నెలు పడతాయి. కానీ నెలనెలా శుభ్రం చేసే ఓపిక ఉంటేనే.

రంపపు పొట్టు, వడ్ల ఊక చుట్టుపక్కల దొరికేవాళ్లకు పొట్టు పొయ్యి పాతకాలపు తెలివైన పని. నడుమ కర్ర పెట్టి పొట్టు గట్టిగా కూరి, కర్ర తీసేసి వెలిగిస్తే గంటల తరబడి నిదానంగా మండుతుంది. పాయా లాంటి నెమ్మది వంటకు బాగుంటుంది. రాజుకునే మొదట్లోనూ, ఆరిపోయే చివర్లోనూ పొగ ఎక్కువ కాబట్టి దాని చోటు ఆరుబయటే.

దేగ్‌కు మామూలు పొయ్యి పనికిరాదు. దేగ్ అడుగు కొలతకు తగ్గట్టు ఇటుకల భట్టీ కట్టి, కట్టె పెట్టే నోరు ఒక వైపు, గాలి పోయే సందు ఎదురుగా వదలాలి. మూడు ఇటుకల మీద పెద్ద దేగ్ ఒరిగితే ఎంత ప్రమాదమో దావత్ వంటలు చేసేవాళ్లందరికీ తెలుసు.

బొగ్గుల కుంపటి గురించి ఒక హెచ్చరిక. దానికి పొగ కనపడదు కాబట్టి భయం ఉండదు. కానీ కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. చలికాలంలో తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాలు పొద్దున లేవని వార్తలు ఉత్తరాది నుంచి దాదాపు ప్రతి ఏటా వస్తాయి. బాలింత గదిలో, పసిపిల్లల గదిలో వెచ్చదనం కోసం కుంపటి పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయాలి.

ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

సగం సమస్యలు పొయ్యి పెట్టిన చోటు వల్లే వస్తాయి. ఆరుబయట, లేదా రెండు పక్కలా తెరిచి ఉన్న రేకుల కింద పెట్టడం అన్నిటికన్నా మంచిది. మెట్ల కింద పెడితే పొగ నేరుగా మేడ మీదికి వెళ్తుంది. గల్లీ ఇరుకైతే పక్కింటి కిటికీ ఎటుందో చూసుకోవాలి. పొగ మీద మొదలైన గొడవ ఏళ్లపాటు సాగుతుంది.

గ్యాస్ సిలిండర్ ఉన్న గదిలో కట్టెల పొయ్యి పెట్టొద్దు. సిలిండర్, రబ్బరు పైపు, ఎండు కట్టెల మోపు మంటకు దూరంగా ఉండాలి. పొయ్యి మీద బట్టలు ఆరేసే తీగ ఉండకూడదు.

లోపల కట్టించుకోక తప్పకపోతే పొగగొట్టం తప్పనిసరి. నాలుగు అంగుళాల గొట్టం మామూలు ఇంటి పొయ్యికి సరిపోతుంది. అది వీలైనంత నిటారుగా పైకి వెళ్లాలి. అడ్డంగా పడుకోబెట్టిన గొట్టంలో పొగ నిలిచి మసి పేరుకుంటుంది. ఇంటి కప్పు కన్నా కనీసం రెండు మూడు అడుగులు పైకి లేపాలి, లేకపోతే గాలి వీచినప్పుడు పొగ తిరిగి కిందికే వస్తుంది. పైన వాన పడకుండా రేకు టోపీ పెట్టాలి. టోపీకి, గొట్టానికి మధ్య పొగ పోయే సందు ఉండాలి. శుభ్రం చేయడానికి కింద ఒక మూత వదలాలి. ఇది మరిచిపోయే మేస్త్రీలు ఎక్కువ, మూత లేని గొట్టాన్ని ఆ తర్వాత ఎవరూ కడగరు. రేకుల కప్పు గుండా గొట్టం పోతే చుట్టూ సందు వదిలి రేకుతో కప్పాలి. కట్టె దూలానికి గానీ, ప్లాస్టిక్ షీటుకు గానీ అది తగలకూడదు.

మట్టి పొయ్యి కట్టిన వెంటనే వండొద్దు. వారం పది రోజులు నీడలో ఆరనిచ్చి, మొదట రెండు మూడు రోజులు చిన్న మంట పెట్టాలి. తొందరపడితే పగులుతుంది.

పొయ్యి మొరాయిస్తే

పొగ వెనక్కి గదిలోకి వస్తుంటే మూడు చూడాలి. గొట్టంలో మసి నిండిందా? కింది మూత సరిగా మూసుందా? గొట్టం చల్లగా ఉందా? చల్లటి గొట్టం పొగను లాగదు. వెలిగించే ముందు గొట్టం అడుగున ఒక కాగితం కాల్చితే గాలి పైకి నడక మొదలుపెడుతుంది. గదిలోకి గాలి రాకపోయినా పొగ బయటికి పోదు. కిటికీ తెరవాలి.

మంట నిలవకుండా ఆరిపోతుంటే ఎక్కువసార్లు కారణం బూడిద. జాలీ కింద బూడిద నిండితే గాలికి దారి ఉండదు. రెండో కారణం ఆత్రం. నోటి నిండా కట్టెలు కుక్కితే మంట ఊపిరాడక పొగ అవుతుంది. రెండు వేళ్ల మందాన చీల్చిన కట్టెలు రెండు మూడు చాలు. కొసలు కాలుతున్న కొద్దీ ముందుకు తోయాలి.

గిన్నె అడుగు నల్లగా జిగురు పడుతుంటే కట్టె తడిగా ఉందని అర్థం. కట్టె కొస నుంచి బుస బుస మంటూ నీరు కారినా అదే సంగతి. ఎండిన కట్టెలు రెండు ఒకదానికొకటి కొడితే టక్కున మోగుతాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. కొనేటప్పుడు ఇదొక్కటి చూసినా చాలా డబ్బు మిగులుతుంది. వానాకాలం కట్టెలను ఎండాకాలంలోనే కొని చీల్చి, నేలకు తగలకుండా ఇటుకల మీద పేర్చి, పైన మాత్రం కప్పి పక్కలు తెరిచి ఉంచాలి. చుట్టూ కవర్ చుడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది.

గొట్టంలో గరగరమని చప్పుడు వచ్చి పైన నిప్పురవ్వలు లేస్తే లోపల పేరుకున్న మసి అంటుకున్నట్టు. నీళ్లు పోయొద్దు, గొట్టం పగులుతుంది. గాలి వచ్చే నోరు మూసి, కట్టెలు బయటికి లాగి, మంట ఆరనివ్వాలి. రోజూ వాడే పొయ్యి గొట్టాన్ని నెలకోసారి, వానాకాలంలో ఇంకా తరచుగా, పొడవాటి కర్రకు గోనె ముక్క కట్టి శుభ్రం చేస్తే ఈ పరిస్థితి రాదు.

వండుతుంటే తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలైతే అది అలసట అని సర్దుకోవద్దు. వెంటనే బయటి గాలిలోకి రావాలి. తగ్గకపోతే దవాఖానాకు పోవాలి.

వెలిగించడానికి పాల కవర్లు, పాత టైరు ముక్కలు, కిరోసిన్ వాడే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ప్లాస్టిక్ పొగ కట్టె పొగ కన్నా విషం. రంగు వేసిన కట్టె, ప్లైవుడ్ ముక్కలు కూడా వంట పొయ్యిలో వేయొద్దు. వాటిలోని జిగురు, రంగు తిండి దగ్గరే కాలతాయి. ఎండు కొబ్బరి పీచు, మక్క బెండ్లు, సన్నటి పుల్లలు ఆ పనికి చాలు.

ఏం అడగాలి, ఏం మార్చుకోవాలి

ప్రభుత్వాన్ని అడగాల్సింది స్పష్టంగా ఉంది. సబ్సిడీ సిలిండర్ల సంఖ్యకు పాత వాడకం సగటు కొలమానం కాకూడదు. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది కొలమానం కావాలి. పూర్తి ధర ముందు కట్టే పద్ధతి బదులు, కనీసం అట్టడుగు కుటుంబాలకు 500 మాత్రమే తీసుకునే ఏర్పాటు ఉండాలి. ప్రజాపాలన దరఖాస్తు పెట్టి, రేషన్ కార్డు ఉండి కూడా డబ్బు పడనివాళ్లు ఆధార్, గ్యాస్ కనెక్షన్ నంబర్, రేషన్ కార్డు తీసుకుని మున్సిపల్ ఆఫీసులో వివరాలు సరిచూసుకోవాలి.

మొహల్లాలో చేయగలిగినవి కూడా ఉన్నాయి. రంజాన్‌లో ప్రతి ఇంటి పెరట్లో విడివిడిగా పొయ్యి మండే బదులు, ఐదారు ఇళ్లు కలిసి ఆరుబయట ఒక మంచి భట్టీ కట్టుకుంటే కట్టె తగ్గుతుంది, పొగ ఇళ్లలోకి రాదు. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైంది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి వచ్చే కొన్నేళ్లు అది చలి, ఎండల మధ్యే పడుతుంది. కట్టెలు బాగా ఎండి ఉండే కాలం అది. ముందే కొని పెట్టుకోవడానికి సమయం ఉంది.

ఇంట్లో చేయాల్సింది ఒక చిన్న పని. ఒక నెల పాటు కట్టెలకు పెట్టిన ప్రతి రూపాయి నోట్‌బుక్‌లో రాయండి. కొన్న తేదీ, తూకం, ధర చాలు. పక్కన ఏ పనికి కాల్చారో కూడా రాయండి: నీళ్లా, వంటా, దావత్తా. నెలాఖరుకు సబ్సిడీ సిలిండర్ లెక్కతో పోల్చి చూడండి. అదే పేజీలో ఇంకో గీత గీసి, పొయ్యి దగ్గర ఇంటావిడ ఎన్ని గంటలు కూర్చున్నారో రాయండి.

దావత్ దేగ్ భట్టీ మీదే బాగుంటుంది, దాన్ని ఎవరూ కాదనరు. కానీ రోజూ స్నానాల నీళ్ల కోసం రెండు కిలోల కట్టె, ఒక మనిషి ఊపిరి ఖర్చు చేస్తున్న ఇల్లు ఆ నోట్‌బుక్ చూశాక అలాగే కొనసాగుతుందా అన్నది ఆ ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి.